పరాయి మెషీన్‌లో సొంత కాపురం

2024 జులై 19, శుక్రవారం. శంషాబాద్ విమానాశ్రయంలో కోల్‌కతా వెళ్లే ఒక ప్రయాణికుడికి చేత్తో రాసిన బోర్డింగ్ పాస్ ఇచ్చారు. పేరు, ఫ్లైట్ నంబరు, సీటు అన్నీ చేతిరాతే. ఆ కాగితం ఫొటో ఆ రోజంతా దేశంలో ఫోన్ల మీద తిరిగింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికన్ సైబర్ భద్రతా సంస్థ ఆ ఉదయం తన సాఫ్ట్‌వేర్‌కు పంపిన ఒక చిన్న అప్‌డేట్‌లో తప్పు దొర్లింది. దాన్ని అందుకున్న విండోస్ కంప్యూటర్లు నీలితెర చూపించి ఆగిపోయాయి. రీస్టార్ట్ చేస్తే మళ్లీ అదే నీలితెర. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం ప్రపంచం మొత్తం మీద అలా మొరాయించినవి 85 లక్షలు.

తప్పున్న అప్‌డేట్‌ను కంపెనీ 78 నిమిషాల్లోనే వెనక్కి తీసుకుంది. అప్పటికే పడిపోయిన మెషీన్లకు దానివల్ల ఒరిగింది తక్కువే. సరిచేసిన ఫైలు నెట్‌లో రావాలంటే ముందు విండోస్ లేవాలి. అదే లేవడం లేదు. చెరపాల్సింది నిజానికి ఒకే ఒక్క ఫైలు. దానికోసం ఐటీ సిబ్బంది ఒక్కో కంప్యూటర్ దగ్గరికీ నడిచి వెళ్లాల్సి వచ్చింది. ఆ వారాంతంలోనే మైక్రోసాఫ్ట్ ఒక పనిముట్టు విడుదల చేసింది. కనీసం 1 జీబీ ఉన్న పెన్‌డ్రైవ్‌లో దాన్ని ఎక్కించి, పడిపోయిన కంప్యూటర్‌కు గుచ్చి, ఆన్ చేయాలి. హార్డ్‌డిస్క్‌లోని విండోస్‌ను కదిలించకుండా పెన్‌డ్రైవ్‌లోని బుల్లి విండోస్ లేచి, ఆ ఫైలును తుడిచేసి తప్పుకుంటుంది. డిస్క్‌కు బిట్‌లాకర్ తాళం ఉంటే ముందు 48 అంకెల రికవరీ కీ కొట్టాలి. ఆ అంకెలు ఎవరి దగ్గర ఉన్నాయన్నది మరో తలనొప్పి.

ఇంత పెద్ద ఎత్తున కాకపోయినా, ఈ వైద్యం ఊరూరా కంప్యూటర్ రిపేరు షాపుల్లో రోజూ జరిగేదే. "విండోస్ ఎక్కట్లేదన్నా, పిల్లల ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి" అంటూ ఎవరో ల్యాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెడతారు. షాపు కుర్రాడు సొరుగులోంచి నాలుగైదు పెన్‌డ్రైవ్‌లు తీస్తాడు. ఒక్కోదానికి తెల్ల టేపు అంటించి, మీద 'విన్ 10', 'మింట్', 'హైరెన్స్' అని స్కెచ్ పెన్నుతో రాసి ఉంటుంది. ఒకటి గుచ్చి, పవర్ బటన్ నొక్కి, తెర మీద కంపెనీ లోగో వచ్చీ రాకముందే ఎఫ్12 మీద టకటకా కొడతాడు. కొన్ని మోడళ్లలో అది ఎఫ్9, కొన్నిట్లో ఎస్కేప్. ఏ కంపెనీకి ఏ మీటో అతనికి నోటికి వచ్చు. కాసేపటికి లినక్స్ మింట్ డెస్క్‌టాప్ ప్రత్యక్షమవుతుంది. లేవని విండోస్ ఉన్న హార్డ్‌డిస్క్ ఇప్పుడు పక్కన ఒక మామూలు ఫోల్డర్. ఫొటోలను వేరే డ్రైవ్‌లోకి లాగి పడేశాక, "ఇక ఫార్మాట్ కొట్టేయమంటారా?" అని అడుగుతాడు.

ఆ టకటకల వెనక ఏం జరుగుతోంది?

కంప్యూటర్ ఆన్ అయిన క్షణాన దానికి విండోస్ తెలీదు, లినక్స్ తెలీదు. మదర్‌బోర్డు మీద ఒక చిన్న చిప్‌లో ఉన్న ఫర్మ్‌వేర్ మాత్రమే మేలుకుంటుంది. ర్యామ్ ఉందా, కీబోర్డు ఉందా అని చూసుకుని, ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) ఎక్కడ దొరుకుతుందా అని ఒక జాబితా పట్టుకుని వెతుకుతుంది. ఎఫ్12 చేసేదల్లా ఈ ఒక్కసారికి ఆ జాబితాలో వరస మార్చడమే. పాత బయోస్ మెషీన్లయితే ఎంచుకున్న డ్రైవ్‌లో మొట్టమొదటి 512 బైట్లను చదువుతాయి. వాటిలో చివరి రెండు బైట్లు 55, ఏఏ అని ఉండాలి. ఉంటే 'ఇది బూట్ అయ్యేదే' అని నమ్మి పగ్గాలు అప్పగిస్తాయి, లేకపోతే తర్వాతి డ్రైవ్‌కు వెళతాయి. ఆ 512లో డ్రైవ్ ఎన్ని భాగాలుగా ఉందో చెప్పే పట్టికకు 64, ముద్రకు 2 పోగా ప్రోగ్రాముకు మిగిలేది 446 బైట్లు. తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు ఒక్కోటి యూటీఎఫ్-8 యూనికోడ్‌లో 3 బైట్లు తింటుంది గనక, ఈ పేరాలో మొదటి మూడు వాక్యాలు కూడా అందులో పట్టవు. అంత ఇరుకులోంచి మొదలై పెద్ద ప్రోగ్రాము, దాని వెనక కెర్నల్, దాని వెనక మొత్తం ఓఎస్ ఒకదాన్నొకటి పైకి లాక్కుంటాయి.

కొత్త యూఈఎఫ్ఐ మెషీన్లలో ఈ ఇరుకు లేదు. అవి ఫ్యాట్ ఫార్మాట్ చదవగలవు. పెన్‌డ్రైవ్‌లో ఈఎఫ్ఐ అనే ఫోల్డర్, అందులో బూట్ అనే ఫోల్డర్, అందులో బూట్ఎక్స్64 అనే ఫైలు ఉంటే చాలు, దాన్నే నడుపుతాయి. అయితే సెక్యూర్ బూట్ అనే కాపలా ఒకటి కొత్తగా వచ్చింది. డిజిటల్ సంతకం లేని ప్రోగ్రామును అది గుమ్మం దాటనివ్వదు. అందుకే ఉబుంటు, ఫెడోరా లాంటి లినక్స్‌లు కూడా షిమ్ అనే చిన్న ప్రోగ్రాముకు మైక్రోసాఫ్ట్ చేత సంతకం పెట్టించుకుని వస్తున్నాయి. మైక్రోసాఫ్ట్ పోటీదారుకు మైక్రోసాఫ్టే గేట్ పాస్ ఇవ్వడం ఈ రంగంలో చూడదగ్గ వింతల్లో ఒకటి.

ఓఎస్‌ను జేబులో వేసుకు తిరగడం కొత్త సంగతేమీ కాదు. 1981లో వచ్చిన మొదటి ఐబీఎం పీసీకి హార్డ్‌డిస్కే లేదు. డాస్ కావాలంటే ఫ్లాపీ పెట్టాల్సిందే. 1983లో పీసీ ఎక్స్‌టీతో 10 ఎంబీ హార్డ్‌డిస్క్ వచ్చాక ఓఎస్ మెషీన్ లోపల స్థిరపడింది. మళ్లీ దాన్ని బయటికి తేవాలన్న ఆలోచన 1990ల్లో సీడీతో మొదలైంది. 1992లో ఇగ్‌డ్రసిల్ అనే లినక్స్ నేరుగా సీడీ నుంచి నడిచింది. ఆనాటి సీడీ డ్రైవ్‌ల నత్తనడక వల్ల ఎక్కువమంది దాని జోలికి పోలేదు. సీడీ నుంచి బూట్ కావడానికి అందరూ పాటించే పద్ధతి 1995లో ఖరారైంది. దాని పేరు ఎల్ టొరీటో. ఇంజినీర్లు కూర్చుని మాట్లాడుకున్న కాలిఫోర్నియా రెస్టారెంటు పేరునే దానికి పెట్టేశారు.

అసలు మలుపు 2000లో. జర్మనీకి చెందిన క్లౌస్ నాపర్ ఎక్కడికి వెళ్లినా తన పనిముట్లన్నీ వెంట ఉండాలనుకుని నాపిక్స్ తయారు చేశాడు. సీడీలో పట్టేది 700 ఎంబీ. ఆయన దాదాపు 2 జీబీ సాఫ్ట్‌వేర్‌ను కుదించి అందులో కుక్కాడు. ఏ ఫైలు కావాలంటే ఆ ముక్కను నాపిక్స్ అప్పటికప్పుడు విప్పుకునేది. అంతకంటే గొప్ప పని ఇంకొకటి చేశాడు. లేచిన ప్రతిసారీ చుట్టూ ఉన్న గ్రాఫిక్స్ కార్డు, సౌండ్ కార్డు, నెట్‌వర్క్ ఏమిటో నాపిక్స్ తనే కనిపెట్టి సర్దుకునేది. ఆ రోజుల్లో లినక్స్ వేసుకున్నవారికి దాని విలువ తెలుసు. మానిటర్ వివరాలు తప్పు టైపు చేసి నల్లతెర ముందు కూర్చున్న రాత్రులు వాళ్లెవరూ మరిచిపోలేదు. పరాయి మెషీన్‌లో కాపురం పెట్టాలంటే ముందు ఆ ఇంటి పొయ్యి ఎక్కడుందో, బావి ఎక్కడుందో అడక్కుండానే తెలియాలి కదా. మన దేశంలో పీసీక్వెస్ట్, లినక్స్ ఫర్ యూ పత్రికలు సంచికతో పాటు ఇచ్చిన సీడీల పుణ్యమా అని, డయలప్ నెట్ కూడా సరిగా లేని ఇంజినీరింగ్ హాస్టళ్లకూ లినక్స్ చేరింది.

సీడీలో ఒక సుగుణం, ఒక దుర్గుణం, రెండూ ఒకటే. దాని మీద రాయలేం. వైరస్ అంటదు, ఎవరూ పాడుచేయలేరు. అలాగే సాయంత్రం దాకా చేసిన పని, మార్చుకున్న సెట్టింగులు అన్నీ ఆఫ్ చేయగానే గల్లంతు. పెన్‌డ్రైవ్ వచ్చాక ఈ బాధ తీరుతుందనుకున్నారు. ఫ్లాష్ మెమరీ మీద రాయొచ్చు గదా!

రాయొచ్చు. ఎంత రాయొచ్చన్నదే చిక్కు.

ఫ్లాష్ మెమరీ తోషిబా ఇంజినీరు ఫుజియో మసువోకా బుర్రలోంచి వచ్చింది. 1984లో మొదటి రూపాన్ని, 1987లో నేడు పెన్‌డ్రైవ్‌లన్నిటిలో ఉన్న నాండ్ రకాన్ని ఆయన బృందం ప్రపంచం ముందు పెట్టింది. దాని మూలం ఇంకా వెనక, 1967లో బెల్ ల్యాబ్స్‌లో డాన్ కాంగ్, సైమన్ జీ తయారు చేసిన ఫ్లోటింగ్ గేట్ ట్రాన్సిస్టర్‌లో ఉంది. వేల కోట్ల పరిశ్రమకు పునాది వేసిన మసువోకాకు తగిన ప్రతిఫలం దక్కలేదు; ఆయన కంపెనీ మీద కోర్టుకెక్కితే 2006లో 8.7 కోట్ల యెన్‌లకు రాజీ కుదిరింది. యూఎస్‌బీ వైపు చూస్తే, ఆ ప్రమాణాన్ని రూపొందించిన ఇంటెల్ బృందానికి నాయకుడు వడోదరలో చదువుకున్న అజయ్ భట్. అది 1996లో వచ్చింది. ఈ రెండింటినీ కలిపి సింగపూర్ కంపెనీ ట్రెక్ 2000 'థంబ్‌డ్రైవ్' పేరుతో, ఇజ్రాయెల్ కంపెనీ ఎం-సిస్టమ్స్ 'డిస్క్‌ఆన్‌కీ' పేరుతో 2000లో మార్కెట్లోకి తెచ్చాయి. డిస్క్‌ఆన్‌కీలో పట్టింది 8 ఎంబీ. ఇప్పుడు ఫోన్‌తో తీసిన రెండు మూడు ఫొటోలకు చాలదు.

ఫ్లాష్ చిప్‌లో సమాచారమంటే ఎలక్ట్రాన్ల బందిఖానా. నానోమీటర్లలో కొలిచే పల్చని గాజు లాంటి పొరల మధ్య ఒక చిన్న గది. దాదాపు 20 వోల్టుల ఒత్తిడి పెడితే ఎలక్ట్రాన్లు ఆ గోడలోంచి దూరి లోపల పడతాయి. కరెంటు తీసేసినా బయటికి రాలేవు. సంవత్సరాల తరబడి అలాగే ఉంటాయి. యూఎస్‌బీ ఇచ్చేది 5 వోల్టులే గనక, మిగతా ఒత్తిడిని చిప్ తనలోనే పుట్టించుకుంటుంది. ఇలా దూర్చినప్పుడల్లా, లాగినప్పుడల్లా గోడకు కొంచెం కొంచెం దెబ్బ. ఒక గదిలో ఒకే బిట్ దాచే ఖరీదైన రకం సుమారు లక్షసార్లు తట్టుకుంటుంది. మూడు బిట్లు దాచే చవక రకం వెయ్యి నుంచి మూడు వేలసార్లకే చేతులెత్తేస్తుంది. బజార్లో దొరికే పెన్‌డ్రైవ్‌లలో ఎక్కువగా ఉండేది చవక రకమే.

ఇంకో ఇబ్బంది ఉంది, రోజువారీ వాడకంలో ముందుగా తగిలేది ఇదే. నాండ్‌లో రాయడం పేజీల లెక్కన, అంటే కొన్ని కేబీలు. చెరపడం మాత్రం బ్లాకుల లెక్కన, అంటే వందల కేబీల నుంచి కొన్ని ఎంబీల దాకా. రాసిన చోట మళ్లీ రాయాలంటే ముందు చెరపాలి. ఒక్క 4 కేబీ ముక్క మార్చడానికి డ్రైవ్‌లోని బుల్లి కంట్రోలర్ మొత్తం బ్లాకును వేరే చోటికి మోసుకెళ్లి, పాతది తుడిచి, తన పట్టికలు మార్చుకోవాలి. పెద్ద సినిమా ఫైలు వరసగా కాపీ చేస్తే ఇది తెలియదు. ఓఎస్ అలా వరసగా రాసే రకం కాదు. లాగ్ ఫైల్లో ఒక వాక్యం, బ్రౌజర్ క్యాషేలో ఒక బొమ్మ, ఏ ఫైలును ఎప్పుడు తెరిచారో ఒక తేదీ... క్షణక్షణం ఎక్కడెక్కడో చిన్న చిన్న రాతలు. ఈ తరహా రాతల్లో చాలా చవక పెన్‌డ్రైవ్‌ల వేగం సెకనుకు 1 ఎంబీ కూడా దాటదు. డబ్బా మీద 'యూఎస్‌బీ 3.0' అని ఎంత పెద్దక్షరాలతో ఉన్నా సరే. హార్డ్‌డిస్క్‌లో వేసినట్టే విండోస్‌నో లినక్స్‌నో పెన్‌డ్రైవ్‌లో వేసి నడిపినవారు, మౌస్ కదలక, ఏదీ తెరుచుకోక, 'హ్యాంగ్ అయిపోయింది' అని తలపట్టుకునేది ఇందుకే.

మరి రిపేరు షాపు కుర్రాడి మింట్ ఎందుకు చులాగ్గా నడుస్తోంది? అది పెన్‌డ్రైవ్ మీద రాయడం లేదు గనక.

ఆ పెన్‌డ్రైవ్‌ను మామూలు విండోస్ కంప్యూటర్‌కు గుచ్చి తెరిచి చూస్తే కాస్పర్ అనే ఫోల్డర్ కనిపిస్తుంది. అందులో రెండు జీబీలకు పైబడిన ఒకే ఒక్క పెద్ద ఫైలు ఉంటుంది. స్క్వాష్ఎఫ్ఎస్ పద్ధతిలో కుదించిన ఆ ఫైలే మొత్తం ఓఎస్. ఫిలిప్ లౌఘర్ రాసిన ఈ పద్ధతి 2009లో లినక్స్ కెర్నల్‌లో భాగమైంది. ఇందులోంచి చదవడమే తప్ప ఇందులోకి రాయడం కుదరదు. బూట్ అయ్యేటప్పుడు ఈ చదివే పొర మీద ర్యామ్‌లో ఖాళీ పొర ఒకటి పరుస్తారు. ప్రోగ్రాములకు రెండూ కలిసి ఒకే డిస్క్‌లా కనిపిస్తాయి. ఫైలు చదవాలంటే ముందు పైపొరలో చూస్తుంది, లేకపోతే కింది పొరలోకి దిగుతుంది. మార్చాలంటే కింది పొరలోని ఫైలు నకలు పైకి తెచ్చుకుని దాన్ని మారుస్తుంది. చెరిపేస్తే? కింద దాన్ని ఎవరూ చెరపలేరు. పైపొరలో 'ఇది లేదనుకో' అని ఒక గుర్తు మాత్రం పడుతుంది. తనను తాను సవరించుకుంటున్నానని ఓఎస్ అనుకుంటుంది. ఆఫ్ చేయగానే పైపొర ఆవిరైపోతుంది, మర్నాడు మళ్లీ మొదటి రోజే. ఓవర్‌లేఎఫ్ఎస్ అనే ఈ పొరల ఏర్పాటు 2014 చివర్లో వచ్చిన 3.18 కెర్నల్ నుంచి లినక్స్‌లోనే ఉంది. డాకర్ కంటెయినర్లతో పనిచేసే హైదరాబాద్, బెంగళూరు ఐటీ ఉద్యోగులు తెలియకుండానే రోజంతా దీని మీదే బతుకుతున్నారు.

చేసిన పని నిలవాలనుకునేవారికి మధ్యేమార్గాలు లేకపోలేదు. ఆస్ట్రేలియాలో బ్యారీ కావ్లర్ 2003లో మొదలుపెట్టిన పప్పీ లినక్స్ మొత్తంగా ర్యామ్‌లోకి ఎక్కి కూర్చుంటుంది. పెన్‌డ్రైవ్ నుంచి నడిచేటప్పుడు అది మార్పులన్నీ ర్యామ్‌లో పోగేసి, అరగంటకోసారి మాత్రమే డ్రైవ్ మీదికి దించుతుంది. ఎలక్ట్రాన్ల గోడలను కాపాడటానికి ఇంతకంటే తేలిక ఉపాయం లేదు. ఉబుంటు కుటుంబంలో పైపొరను ర్యామ్‌కు బదులు పెన్‌డ్రైవ్‌లోనే విడిగా ఒక భాగంలో ఉంచుకునే వీలుంది. దీన్నే పర్సిస్టెన్స్ అంటారు. సౌకర్యమే, కాకపోతే పైన చెప్పిన చిన్న రాతల బెడద దానితో పాటే తిరిగొస్తుంది.

ఫ్లాష్‌ను పక్కనపెట్టి ర్యామ్‌తోనే బతకడం ఎంత పనికొచ్చే విద్యో అంగారకుడి మీద తేలింది. 2004 జనవరి 4న స్పిరిట్ రోవర్ గుసెవ్ బిలంలో దిగింది. దాని లోపల వీఎక్స్‌వర్క్స్ అనే ఓఎస్, 128 ఎంబీ ర్యామ్, 256 ఎంబీ ఫ్లాష్. అన్నీ సవ్యంగా సాగుతుండగా జనవరి 21న భూమితో మాటలు తెగిపోయాయి. తర్వాత అందిన కొద్దిపాటి సంకేతాలను బట్టి కాలిఫోర్నియాలోని అంతరిక్ష ప్రయోగశాల జేపీఎల్ ఇంజినీర్లు గ్రహించిందేమిటంటే, రోవర్ లేవడం, పడిపోవడం, మళ్లీ లేవడం. ఇలా 60 సార్లకు పైగా రీబూట్ అయింది. రాత్రిళ్లు పడుకోవాల్సింది పడుకోకుండా బ్యాటరీ ఖాళీ చేసుకుంటోంది.

కారణం వింటే సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్లు నవ్వాలో ఏడవాలో తెలియని స్థితి. భూమి నుంచి ప్రయాణంలో ఉన్న ఏడు నెలల్లో పుట్టిన ఫైళ్లు, దిగాక పుట్టిన ఫైళ్లు వేలకొద్దీ ఫ్లాష్‌లో పేరుకుపోయాయి. ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టికలను ఓఎస్ ర్యామ్‌లో ఉంచుకుంటుంది. ఆ పట్టికలు పెరిగి పెరిగి తమకు కేటాయించిన ర్యామ్‌ను దాటిపోయాయి. ర్యామ్ చాలక ప్రోగ్రాము పడిపోతుంది, రీబూట్ అవుతుంది, లేవగానే మళ్లీ అదే ఫ్లాష్‌ను చదవబోతుంది, మళ్లీ పడిపోతుంది. ఇరవై ఏళ్ల తర్వాత నీలితెరలు చూపించిన కంప్యూటర్లదీ అచ్చంగా ఇదే వలయం. తేడా ఏమిటంటే, అక్కడికి పెన్‌డ్రైవ్ పట్టుకుని ఎవరూ నడిచి వెళ్లలేరు.

అదృష్టవశాత్తూ రూపకర్తలు ఒక దొడ్డిదారి వదిలిపెట్టారు. ఫ్లాష్ జోలికి పోకుండా ర్యామ్‌లోనే ఫైలు వ్యవస్థ సృష్టించుకుని లెమ్మనే ఆదేశం అది. దాన్ని పంపితే రోవర్ బుద్ధిగా లేచి కూర్చుంది. ఇంజినీర్లు తీరుబడిగా పాత ఫైళ్లు తీసేసి, చివరికి ఫ్లాష్‌ను ఫార్మాట్ చేశారు. ఫిబ్రవరి మొదటి వారానికల్లా స్పిరిట్ మళ్లీ పనిలో పడింది. 90 రోజుల కోసం పంపిన ఆ యంత్రం 2010 దాకా పనిచేసింది. దాని జంట ఆపర్చునిటీకి పదేళ్ల తర్వాత ఫ్లాష్ అరిగిపోవడం మొదలైంది. 2014 సెప్టెంబరులో దానికీ ఫార్మాట్ కొట్టారు; అయినా గొడవ ఆగలేదు. ఆ తర్వాత చాలాకాలం దాన్ని ఫ్లాష్ లేకుండా ర్యామ్‌తోనే నడిపారు. పగలు సేకరించినదంతా రాత్రి నిద్రపోయేలోపే పంపించేయాలి, లేకపోతే పోయినట్టే.

రోవర్ ఇంజినీర్లు దిక్కుతోచక ఎంచుకున్న మతిమరుపును కోరి తెచ్చుకున్నవారూ ఉన్నారు. టేల్స్ అనే లినక్స్ 2009లో మొదలైంది. మొదట్లో దాని పేరే అమ్నీషియా. పెన్‌డ్రైవ్ నుంచి లేస్తుంది, హార్డ్‌డిస్క్‌ను ముట్టుకోదు, నెట్‌లోకి వెళ్లే ప్రతి బైటునూ టార్ నెట్‌వర్క్ గుండా తిప్పి పంపిస్తుంది. నడుస్తుండగా పెన్‌డ్రైవ్ లాగేస్తే కంప్యూటర్ వెంటనే ఆగిపోతుంది, ఆగేముందు ర్యామ్‌ను తుడిచేస్తుంది. ఈ తుడవడం చాదస్తంగా కనిపించొచ్చు. కరెంటు తీసేస్తే ర్యామ్ ఖాళీ కాదా? 2008లో ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీన్ని పరీక్షించి చూపించారు. ఆపేసిన తర్వాత కూడా ర్యామ్‌లో సమాచారం కొన్ని సెకన్లు మిగిలి ఉంటుంది. చిప్ మీద దుమ్ము దులిపే స్ప్రే డబ్బాను తలకిందులు చేసి కొట్టి చల్లబరిస్తే నిమిషాల పాటు నిలుస్తుంది. ఆ వ్యవధిలో డిస్క్ తాళం కీలను వాళ్లు బయటికి లాగారు.

2013లో అమెరికా నిఘా సంస్థ ఎన్ఎస్ఏ రహస్య పత్రాలను ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టినప్పుడు, ఆ కథనాలు రాసిన లారా పొయిత్రాస్, గ్లెన్ గ్రీన్‌వాల్డ్, బార్టన్ గెల్‌మన్ ముగ్గురూ టేల్స్ వాడారు. ఆ సంగతి వాళ్లే 2014లో వెల్లడించారు. అదే ఏడాది జర్మనీ ప్రసార సంస్థలు బయటపెట్టిన ఎన్ఎస్ఏ నిఘా నియమాల్లో టేల్స్ గురించి వెతికేవారి మీద కన్నేయాలన్న సూచన ఉంది. తమాషా ఏమిటంటే, అమెరికా వైమానిక దళ పరిశోధన ప్రయోగశాల సరిగ్గా ఇదే సూత్రం మీద సీడీ నుంచో పెన్‌డ్రైవ్ నుంచో లేచి, ఏమీ గుర్తుంచుకోకుండా పోయే ఒక లినక్స్‌ను ప్రభుత్వ ఉద్యోగుల కోసం తయారు చేసి, ఎవరైనా దించుకోవచ్చని జనానికీ పెట్టింది. ప్రభుత్వంలో ఒక చెయ్యి పంచినదాన్ని మరో చెయ్యి అనుమానించింది.

ఇంతకంటే ప్రశాంతమైన ఉపయోగం ఫిన్లాండ్‌లో ఉంది. అక్కడ ఉన్నత పాఠశాల చివర రాసే పరీక్ష మన ఇంటర్ పరీక్షంత ముఖ్యం. 2016 శరదృతువులో జర్మన్, భూగోళం, తత్వశాస్త్రం సబ్జెక్టులతో దాన్ని కంప్యూటర్ మీదికి మార్చడం మొదలుపెట్టి, 2019 వసంతంలో గణితంతో పూర్తిచేశారు. దేశంలోని పిల్లలందరికీ ప్రభుత్వం కంప్యూటర్లు కొనలేదు. ఎవరి ల్యాప్‌టాప్ వాళ్లు తెచ్చుకోమన్నారు. హాల్లో కూర్చోగానే ఒక్కొక్కరికీ పెన్‌డ్రైవ్ ఇస్తారు. దాన్నుంచి డెబియన్ లినక్స్ ఆధారంగా చేసిన పరీక్ష ఓఎస్ లేస్తుంది. సొంత ల్యాప్‌టాపే అయినా సొంత ఫైళ్లు కనిపించవు, నెట్ ఉండదు; హాల్లోనే ఉన్న సర్వర్‌తో తప్ప మరెవరితోనూ మాట్లాడదు. ఆ సర్వర్ కూడా మొదట్లో పెన్‌డ్రైవ్ నుంచే నడిచేది. పరీక్ష అయ్యాక పెన్‌డ్రైవ్ తీస్తే ల్యాప్‌టాప్ వచ్చినదారినే ఇంటికి. తెలుగు రాష్ట్రాల్లో ఆన్‌లైన్ ఎంసెట్ కోసం పిల్లలు ఊళ్లు దాటి ఇంజినీరింగ్ కాలేజీల ల్యాబులకు బస్సులెక్కడం చూసినవారికి ఈ పద్ధతి కాస్త ఆలోచింపజేస్తుంది. కాకపోతే ఇంటింటా ల్యాప్‌టాప్ ఉన్న దేశానికి కుదిరిన లెక్క ఇది.

తెలుగు విషయానికొస్తే, హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ వాలంటీర్లు తెలుగు మెనూలతో లినక్స్ రూపొందించారు. పిల్లల చదువు కోసం బాల స్వేచ్ఛ అనే రూపమూ తెచ్చారు. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ తయారు చేసిన బాస్ లినక్స్‌లోనూ తెలుగు ఉంది. ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా, ఉన్న విండోస్‌ను కదపకుండా, ఒక గంట తెలుగు డెస్క్‌టాప్ రుచి చూపించడానికి, పెన్‌డ్రైవ్ నుంచే నేరుగా నడిపే ఈ 'లైవ్' పద్ధతికి సాటి లేదు.

విండోస్ సంగతి వేరు. 2012లో విండోస్ 8 ఎంటర్‌ప్రైజ్‌తో పాటు మైక్రోసాఫ్ట్ 'విండోస్ టు గో' తెచ్చింది. ఉద్యోగి ఇంట్లో ఏ కంప్యూటర్‌కు గుచ్చినా ఆఫీసు విండోస్ లేవాలన్నది ఆలోచన. పొరపాటున పెన్‌డ్రైవ్ ఊడొస్తే విండోస్ ఉన్నచోటే బిగుసుకుపోయి 60 సెకన్లు ఎదురుచూసేది. ఆలోగా మళ్లీ గుచ్చితే ఏమీ జరగనట్టే సాగేది, లేకపోతే ఆగిపోయేది. ఏర్పాటు ముచ్చటగానే ఉండేది. కానీ అది రాతలన్నీ డ్రైవ్ మీదే చేసే పూర్తిస్థాయి విండోస్. అందువల్ల కనీసం 32 జీబీ ఉన్న, మైక్రోసాఫ్ట్ పరీక్షించి ఒప్పుకున్న ఖరీదైన డ్రైవ్‌లే వాడాలని షరతు పెట్టారు. అలాంటివి చేసే కంపెనీలు తగ్గిపోయాయి, పెద్ద అప్‌డేట్లు దాని మీదికి ఎక్కలేదు. 2020 మేలో వచ్చిన విండోస్ 10 కూర్పుతో ఆ సదుపాయాన్ని తీసేశారు. రోజూ వాడే పూర్తి ఓఎస్‌ను జేబులో పెట్టుకోవాలనుకునేవారు ఇప్పుడు పెన్‌డ్రైవ్‌కు బదులు యూఎస్‌బీతో కలిపే బుల్లి ఎస్ఎస్‌డీ కొంటున్నారు. లోపల ఉన్నది అదే నాండ్. దాన్ని నడిపే కంట్రోలర్ మాత్రం చాలా తెలివైనది. ఒకే గది మీద భారం పడకుండా రాతలను చిప్ అంతటా పంచుతుంది, చిన్న రాతలను పోగేసి ఒకేసారి రాస్తుంది.

ఫ్లాష్ మీద రాతల బెడద బుల్లి కంప్యూటర్లకూ ఉంది. 2012లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై అనే అలాంటి బోర్డులకు మొదట్లో ఎస్‌డీ కార్డే దిక్కు, ఇప్పటికీ చాలామంది వాటిని కార్డు నుంచే నడుపుతున్నారు. రాత మధ్యలో కరెంటు పోతే ఫైలు వ్యవస్థ చెడిపోయి బోర్డు మర్నాడు లేవదు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని చోట పంపుసెట్ మీటర్ చదవడానికో, బోర్డు మీద బస్సు సమయాలు చూపడానికో దీన్ని వాడేవారు ఎక్కువగా చేసే ఫిర్యాదు ఇదే. మందు దాని సెట్టింగుల్లోనే ఉంది. రాస్పీ-కాన్ఫిగ్ మెనూలోకి వెళ్లి ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ ఆన్ చేస్తే, లైవ్ లినక్స్ లాగానే కార్డు చదవడానికే పరిమితమై రాతలన్నీ ర్యామ్‌లోకి పోతాయి. అప్పుడు కరెంటు ఎన్నిసార్లు పోయినా పోయేది ఆ పూట లాగ్ మాత్రమే.

చివరగా ఒక బజారు సంగతి. 64 జీబీ అని రాసి చవగ్గా అమ్మే డ్రైవ్‌లలో కొన్నిటి లోపల నిజంగా ఉండేది 8 జీబీయే. ఇది సాధ్యపడటానికి కారణం, ప్రతి పెన్‌డ్రైవ్‌లో, గోరంత మైక్రోఎస్‌డీ కార్డులో సైతం ఒక చిన్న ప్రాసెసర్ ఉండటం. తన సైజు ఎంతో కంప్యూటర్‌కు చెప్పేది అదే. హార్డ్‌వేర్ పరిశోధకుడు బన్నీ హువాంగ్ 2010లో నకిలీ కార్డులను విప్పి చూసి రాశాడు. 2013లో సహచరుడితో కలిసి ఆ ప్రాసెసర్‌లోకి సొంత ప్రోగ్రామునే ఎక్కించి చూపించాడు. మరుసటి ఏడాది జర్మన్ పరిశోధకులు అదే పని పెన్‌డ్రైవ్‌తో చేసి, అది కీబోర్డులా నటించి ఆదేశాలు టైపు చేసేలా మార్చారు. దారిలో దొరికిన పెన్‌డ్రైవ్‌ను బూటబుల్ చేసుకుందామనుకునేవారు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. కొన్న డ్రైవ్ నిజాయితీ తేల్చుకోవడానికి ఉచితంగా దొరికే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, ఎఫ్3 లాంటి ప్రోగ్రాములున్నాయి. అవి డ్రైవ్‌ను అంచు దాకా నింపి, రాసింది రాసినట్టే తిరిగొస్తోందో లేదో బైటు బైటూ సరిచూస్తాయి. చవక 64 జీబీ డ్రైవ్ మీద దీనికి గంటల సమయం పడుతుంది. ఓఎస్ ఎక్కించేముందు రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి జవాబు సిద్ధంగా ఉంటుంది.